మూడు లిస్టులు, మూడు లెక్కలు: అసలు మా ఆఫీసులో కంప్యూటర్లు ఎన్ని?

జీడిమెట్ల_అడ్మిన్
మాది జీడిమెట్లలో ఓ మందుల కంపెనీ. ప్లాంటు, క్వాలిటీ ల్యాబ్, గోడౌన్, బాలానగర్‌లో ఆఫీసు. అన్నిటికీ కలిపి ఐటీలో ఉన్నది మేం ముగ్గురం. పోయిన వారం ఆడిట్‌కి వచ్చినాయన కుర్చీలో కూర్చుంటూనే అడిగిన మొదటి ప్రశ్న: "మీ దగ్గర కంప్యూటర్లు ఎన్ని?"

ఆఫీసు కంప్యూటర్ల, లాగిన్ల జాబితా ఉంచే యాక్టివ్ డైరెక్టరీ 412 అంటోంది. యాంటీవైరస్ కన్సోల్ 361 అంటోంది. అకౌంట్స్ వాళ్ల ఆస్తుల రిజిస్టర్‌లో 338 ఉన్నాయి. ఏ నంబరు చెప్పాలో తెలియక వారం టైమ్ అడిగాను. మా మేనేజరేమో "కన్సోల్ అంతా పచ్చగానే ఉంది కదా, టెన్షన్ ఎందుకు" అంటున్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి సరిగ్గా నిద్ర లేదు. 412కీ 361కీ మధ్య ఉన్న ఆ 51 ఏమిటి? ఎక్కడున్నాయి?

డేటాకి కొదవ లేదు. ఫైర్‌వాల్ లాగులు (ఏం జరిగిందో అదే రాసుకునే రికార్డులు), డీహెచ్‌సీపీ (మెషిన్లకి నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చేది), ఐటీకి వచ్చిన ఫిర్యాదుల టికెట్లు, హాజరు మెషిన్ రికార్డులు అన్నీ ఉన్నాయి. వాటిని ఒకచోట పెట్టి చూసే మనిషే లేడు. కొత్త టూల్‌కి ఈ ఏడాది బడ్జెట్ లేదని ముందే చెప్పేశారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కూకట్‌పల్లి_కుర్రాడు
ఎలాగైనా ఒప్పించి మంచి ఈడీఆర్ (మెషిన్‌లో కూర్చుని దాడుల్ని పసిగట్టే టూల్) కొనిపించు అన్నా. అదే అన్నీ పట్టుకుంటుంది. ఈ ఎక్సెల్ షీట్ల గొడవ ఎన్నాళ్లు?

పాతసర్వర్
కుర్రాడు తమ్ముడూ, ఈడీఆర్ ఏ మెషిన్‌లో వేశావో ఆ మెషిన్ సంగతే చెబుతుంది. వేయని మెషిన్ ఉందన్న సంగతే మామూలుగా దానికి తెలియదు. అన్న అడుగుతున్నది సరిగ్గా ఆ వేయని వాటి గురించే.

పివోట్_పద్మ
మీకు కావాల్సింది టూల్ కాదండీ, ఒక శనివారం ఖాళీగా దొరకడం. మూడు లిస్టులూ సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు) దించుకుని పక్కపక్కన పెట్టండి. అన్నిట్లో ఉన్నవి వదిలేయండి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివే మీ పని.

• డైరెక్టరీలో ఉంది, యాంటీవైరస్‌లో లేదు: రక్షణ లేని మెషిన్, లేదా ఎప్పుడో స్క్రాప్‌కి వెళ్లి పేరు మాత్రం మిగిలినది.
• యాంటీవైరస్‌లో ఉంది, రిజిస్టర్‌లో లేదు: ఎవరు కొన్నారో, ఎవరి దగ్గరుందో తెలియనిది.
• రిజిస్టర్‌లో ఉంది, ఇంకెక్కడా లేదు: బీరువాలో ఉందా, ఇంటికి వెళ్లిందా అని కనుక్కోవాల్సినది.

ఒక్క జాగ్రత్త. కంప్యూటర్ పేరుతో కలపకండి. ఫార్మాట్ కొట్టినప్పుడల్లా పేరు మారుతుంది, ఒకే మెషిన్ రెండుసార్లు లెక్కకొస్తుంది. మెషిన్ లోపలే రాసి ఉండే బయోస్ సీరియల్ నంబరుతో కలపండి.

ల్యాబ్_మాస్టారు
పద్మ గారు చెప్పింది బ్రాండెడ్ మెషిన్లకు బాగుంటుంది. మా కాలేజీలో సగం చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించినవి. సీరియల్ నంబరు అడిగితే అరవై కంప్యూటర్లూ ఒకటే చెప్పాయి: "టు బి ఫిల్డ్ బై ఓ.ఇ.ఎం." మదర్‌బోర్డు వాళ్లు ఆ గడి నింపకుండానే అమ్మేశారు. అరవై మెషిన్లు కలిసి ఒక్కటైపోయాయి నా షీట్‌లో.

పివోట్_పద్మ
అయ్యో, అది నాకు తట్టలేదు మాస్టారూ. అలాంటప్పుడు నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌తో (ఆ కార్డుకి తయారీలోనే ఇచ్చే నంబరు) కలపాలి. ల్యాప్‌టాప్‌కి వైఫైకి ఒకటి, కేబుల్‌కి ఒకటి ఉంటాయి కాబట్టి రెండూ రాసుకోవాలి.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి
డైరెక్టరీ లెక్క నమ్మే ముందు లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్ (ఆఖరిసారి లాగిన్ అయిన తేదీ) చూడు అన్నా. 90 రోజులుగా లాగిన్ లేనివన్నీ విడిగా తీసిపెట్టు. ఆ తేదీ 14 రోజుల దాకా వెనకబడి ఉండొచ్చు, డిజైనే అంత. అందుకని 30 రోజుల గీత గీసి తొందరపడకు. వెంటనే డిలీట్ చేయకు, ముందు డిసేబుల్ చెయ్యి. ఎవరైనా ఫోన్ చేస్తే అది బతికున్నట్టే.

పాతసర్వర్
ఇంకోటి. మూడు లిస్టుల్లోనూ లేనివి ఉంటాయి, అసలు భయం వాటితోనే. డీహెచ్‌సీపీ చూడు, కానీ అడ్రస్ అడిగిన వాళ్లే అందులో కనబడతారు. స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన, మారని నెట్‌వర్క్ అడ్రస్) పెట్టుకుని కూర్చున్నవి కనబడవు. నెట్‌వర్క్ అంతా కలిసే కోర్ స్విచ్‌లో ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో రాసి ఉండే పట్టీ) దించు. నెట్‌వర్క్‌లో మాట్లాడుతున్న దాదాపు ప్రతిదీ అక్కడ ఉంటుంది. నాలుగు రోజులు, రోజుకి రెండుసార్లు దించు. రాత్రి షిఫ్ట్‌లో మాత్రమే ఆన్ చేసే మెషిన్లు పగటి లిస్టులో రావు.

కూకట్‌పల్లి_కుర్రాడు
సరే, లెక్క తేలింది అనుకుందాం. లెక్క తేలితే హ్యాకర్ ఆగుతాడా? ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయడం కదా ముఖ్యం?

పాతసర్వర్
ఎక్కడ వేయాలో తెలియకుండా ఎలా వేస్తావు? అమెరికాలో జనాల అప్పుల చరిత్ర దాచే కంపెనీ ఈక్విఫాక్స్ సంగతి తెలుసుగా. 2017 మార్చిలో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ వచ్చింది. వెయ్యమని లోపల మెయిల్ కూడా వెళ్లింది. ఆ సాఫ్ట్‌వేర్ తమ దగ్గర ఎక్కడెక్కడ నడుస్తోందో సరైన జాబితా లేక ఒక పోర్టల్ మిగిలిపోయింది. దాంట్లోంచే మే నెలలో దూరారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ట్రాఫిక్‌ని విప్పి చూసే పెట్టె కూడా వాళ్ల దగ్గర ఉంది. దాని సర్టిఫికెట్ గడువు తీరి నెలల తరబడి గుడ్డిగా పడి ఉంది. జూలై ఆఖరులో కొత్త సర్టిఫికెట్ వేయగానే దొంగ ట్రాఫిక్ కనబడింది. డబ్బుకీ టూల్స్‌కీ కొదవున్న కంపెనీ కాదది.

పివోట్_పద్మ
ప్యాచ్ మాట వచ్చింది కాబట్టి శాతాల గురించి చెప్పాలి. పాత కంపెనీలో ప్రతి నెలా స్లైడ్ నేనే చేసేదాన్ని: "96 శాతం మెషిన్లు ప్యాచ్ అయ్యాయి." అందరూ మెచ్చుకునేవాళ్లు. మొత్తం 500 మెషిన్లలో 4 శాతం అంటే 20. ఒకరోజు ఆ 20 పేర్లు విప్పి చూశాను. జీతాల సర్వర్ అందులో ఉంది. తొమ్మిది నెలలుగా రీస్టార్ట్ చేయలేదు, చేస్తే జీతాలు ఆగుతాయని భయపడి. స్లైడ్‌లో ప్రతి నెలా 96 వేస్తూ ఆ సర్వర్‌ని దాచిపెట్టింది నేనే కదా అనిపించి చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి శాతం రాయడం మానేశాను. ప్యాచ్ వచ్చి ఎన్ని రోజులైంది, ఇంకా వేయని మెషిన్ ఏది, దానిమీద నడిచేది ఏమిటి, ఎవరిది. అన్నిటికంటే పాతది పైన వచ్చేలా రాస్తాను. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగిన వన్నాక్రై గుర్తుందా? మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది 2017 మార్చి 14న. దాడి మొదలైంది మే 12న. మధ్యలో 59 రోజులున్నాయి. మన పక్క ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ కంప్యూటర్లకీ తగిలింది అది. మీ షీట్‌లో 59 రోజులు దాటినవి ఎన్నో లెక్కపెట్టి చూడండి, శాతం కంటే అదే ఎక్కువ చెబుతుంది.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి
+1. ఏది ముందు వేయాలో తేల్చడానికి ఫ్రీగా ఓ లిస్టు ఉంది. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సీసా (CISA) 2021 నవంబర్ నుంచి నడుపుతోంది. నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాలే అందులో ఉంటాయి. సీఎస్‌వీగా దిగుతుంది. మీ సాఫ్ట్‌వేర్ లిస్టుతో కలిపి చూస్తే వేల లోపాల్లోంచి ఈ వారం చేయాల్సినవి పదో ఇరవయ్యో తేలతాయి.

ఆబిడ్స్_సీఏ
ఐటీ మనిషిని కాను. మా ఆఫీసులో ఉన్నవి తొమ్మిదే కంప్యూటర్లు. మా లాంటి వాళ్లకి ఇవన్నీ అవసరమా అని అడగబోయాను, కానీ మా అనుభవం ఒకటి చెప్పి తీరాలి.

ప్రతి శుక్రవారం సాయంత్రం మా అసిస్టెంట్ ఒక షీట్ నింపుతాడు: ఏ కంప్యూటర్, ఆఖరి అప్‌డేట్ తేదీ, బ్యాకప్ అయిందా, బ్యాకప్ సైజు. ఆ సైజు గడి ఎందుకు పెట్టానో కూడా గుర్తులేదు. ప్రతి వారం 38 జీబీ దగ్గర్లో ఉండేది. ఒక శుక్రవారం 2 జీబీ అని రాశాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం "సక్సెస్" అని పచ్చగా చూపిస్తోంది. ఏమైందని చూస్తే డిస్క్ నిండిందని ట్యాలీ ఫోల్డర్‌ని ఎవరో డి డ్రైవ్ నుంచి ఈ డ్రైవ్‌కి మార్చారు. బ్యాకప్ పాపం ఖాళీ అయిన డి డ్రైవ్‌నే నమ్మకంగా కాపీ చేస్తోంది. రిటర్నుల గడువుకి పదకొండు రోజుల ముందు. ఆ గడి లేకపోతే మా క్లయింట్ల లెక్కలన్నిటికీ ఒకే ఒక్క కాపీ మిగిలి ఉండేది.

ల్యాబ్_మాస్టారు
సీఏ గారూ, ఆ ఒక్క గడి కోసం మీ షీట్‌ని ఫ్రేమ్ కట్టించి పెట్టాలి. మేమూ రేపటి నుంచి సైజు రాస్తాం.

హెచ్‌ఆర్_హరిత
హెచ్‌ఆర్ వైపు నుంచి ఒక లిస్టు మీరంతా మర్చిపోయారు. ఉద్యోగం మానేసిన వాళ్ల లిస్టు. మా ఐటీ వాళ్లకి ఇచ్చి, ఇంకా పనిచేస్తున్న లాగిన్లతో కలపమన్నాను. 19 పేర్లు వచ్చాయి. అందులో ఒకాయన మానేసి ఏడు నెలలైంది, కానీ ఆయన లాగిన్ పోయిన మంగళవారం కూడా వాడారు.

అందరికీ గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే ఆయన సీట్లోకి వచ్చిన అమ్మాయి. నెలాఖరు రిపోర్టు ఆ లాగిన్‌తోనే వస్తుందని, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి అప్పగించి వెళ్లారట. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఎవరూ కొత్త లాగిన్ ఇవ్వలేదు. ఇప్పుడు మా దగ్గర, మానేసేవాళ్ల లెక్క తేల్చే ఫుల్ అండ్ ఫైనల్ కాగితంలో లాగిన్ మూసిన తేదీకి ఒక గడి పెట్టాం.

కూకట్‌పల్లి_కుర్రాడు
హరిత మేడమ్, ఇలాగే మొదలై రేపు ఎవరు ఏ సైట్ చూశారు, ఎంతసేపు టీకి వెళ్లారు అని కూడా లాగులు తీస్తారు. మా ఆఫీసులో అదే జరిగింది. సెక్యూరిటీ పేరు చెప్పి పెట్టారు, చివరికి అప్రైజల్‌లో ఆ లెక్కలు చూపించారు. అప్పటి నుంచి ఏ పాప్-అప్ వచ్చినా మావాళ్లు ఐటీకి చెప్పడం మానేశారు. అందుకే నాకు ఈ డేటా మాటంటేనే పడదు.

హెచ్‌ఆర్_హరిత
నువ్వు చెప్పింది న్యాయమే. నేను మా మేనేజ్‌మెంట్‌తో గట్టిగా పోట్లాడింది కూడా దీనిమీదే. మెషిన్ పరిస్థితి ఏమిటి, లాగిన్ పరిస్థితి ఏమిటి అన్నవే చూడాలి. మనిషి ఏం చదివాడు, ఏం వెతికాడు అనేది చూడక్కర్లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అవసరం లేని డేటా పోగేస్తే, రేపు అది పోయినప్పుడు మనమే జవాబు చెప్పుకోవాలి. నీ ఆఫీసులో జరిగింది చాలా తప్పు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి
కుర్రాడు, ఈ మాటలో నేను నీ పక్షమే. ఫిషింగ్ మెయిల్ (పాస్‌వర్డ్ కాజేసే దొంగ మెయిల్) నొక్కానని భయపడకుండా వచ్చి చెప్పే మనిషి మా కన్సోల్లో ఉన్న అన్ని అలర్ట్‌ల కంటే ఎక్కువ.

లాగిన్ల లెక్క ఎలా చూడాలో కూడా చెబుతాను, రాత్రంతా నా పని అదే. విండోస్‌లో తప్పు పాస్‌వర్డ్ కొడితే 4625 అని లాగు పడుతుంది. చాలామంది "ఒక యూజర్ ఎన్నిసార్లు తప్పు కొట్టాడు" అని లెక్కపెడతారు. దొంగకి అది తెలుసు. ఒకే మనిషి మీద యాభై పాస్‌వర్డ్‌లు వేస్తే అకౌంట్ లాక్ అవుతుంది. అందుకని ఒకే పాస్‌వర్డ్‌ని, కంపెనీ పేరు పక్కన 123 లాంటిది, రెండొందల మంది మీద తలా ఒక్కసారి వేస్తాడు. ఎవరి అకౌంటూ లాక్ అవదు, ఏ అలర్టూ మోగదు. కాబట్టి తిప్పి లెక్కపెట్టు: ఒక ఐపీ నుంచి గంటలో ఎన్ని వేర్వేరు పేర్లు ప్రయత్నించారు? మామూలుగా ఒకటో రెండో ఉంటాయి. నలభై ఉంటే లేచి కూర్చోవాలి. ఆ వెంటనే అదే ఐపీ నుంచి 4624 ఉందా చూడాలి. అంటే లోపలికి వచ్చేసినట్టు.

ఎక్సెల్‌లో పివోట్‌తో కూడా ఇది తేలుతుంది. రోజూ చూడలేకపోతే వారానికోసారైనా చూడు.

పాతసర్వర్
ఆ లాగు మిగిలి ఉంటేగా! మామూలు పీసీలో సెక్యూరిటీ లాగు డిఫాల్ట్‌గా 20 ఎంబీ. నిండగానే పాతది చెరిగిపోతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకి మనం లేచి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగులు 180 రోజులు దాచాలని ఉంది, ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలని ఉంది. సైజు పెంచడం, ఒకచోటికి పంపించడం, ఈ రెండూ అన్నిటికంటే ముందు చెయ్యి అన్నా.

ల్యాబ్_మాస్టారు
అదే ఆదేశాల్లో గడియారాలన్నీ ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఇచ్చే టైమ్‌తో కలపాలని కూడా ఉంది. ఇది చిన్న విషయం అనుకున్నాను, మాకు తగిలేదాకా. ఫైర్‌వాల్ లాగులో తెల్లవారుజామున 2:40కి మా ప్రిన్సిపాల్ గారి లాగిన్ కనబడింది. సార్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్పించి, సీసీ కెమెరా ఫుటేజ్ అంతా తిరగేశాం. మధ్యాహ్నానికి తెలిసింది, ఆ ఫైర్‌వాల్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైమ్) రాస్తోంది. మన టైమ్ రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి, అంటే 8:10. సార్ ఆ రోజు తొందరగా వచ్చారు, అంతే. ఇంతా చేస్తే కెమెరా డీవీఆర్ కూడా పదిహేను నిమిషాలు వెనకుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
😂 ప్రిన్సిపాల్ గారిని పొద్దున్నే తొందరగా రావద్దని చెప్పండి మాస్టారూ.

ఆబిడ్స్_సీఏ
మా క్లయింట్లు ఇంకా "మా దగ్గర ఎవరు ఏం దోచుకుంటారు" అంటూనే ఉన్నారు. చిన్నవాళ్ల జోలికి ఎవరూ రారని నమ్మకం.

పాతసర్వర్
మన ఊళ్లో మహేశ్ బ్యాంక్ సంగతి చెప్పండి వాళ్లకి. 2022 జనవరిలో ఒక వారాంతంలో 12 కోట్లకు పైగా వెళ్లిపోయాయి. సిబ్బందికి పంపిన ఫిషింగ్ మెయిల్స్‌తోనే లోపలికి వచ్చారని పోలీసు దర్యాప్తులో తేలింది. మెయిల్ తెరిచిన రోజుకీ డబ్బు పోయిన రోజుకీ మధ్య వారాలున్నాయి. ఆ వారాల్లో లాగుల్లో జాడలు పడే ఉంటాయి అని తలచుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది. 2023లో ఆర్‌బీఐ 65 లక్షల జరిమానా వేసింది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా మీ క్లయింట్లకి చెప్పండి, మొదటి గంటలోనే ఏదైనా ఆపగలిగేది.

జీడిమెట్ల_అడ్మిన్
పది రోజులు కనబడలేదు, సారీ. అందరికీ లెక్క అప్పజెప్పాలి.

డైరెక్టరీలో 412. 90 రోజులుగా లాగిన్ లేనివి 47. వాటిని డిసేబుల్ చేశాను, ఇప్పటిదాకా ఒక్క ఫోన్ కూడా రాలేదు. మిగిలినవి 365. యాంటీవైరస్‌లో 361 అన్నానుగా, అందులో 12 ఫార్మాట్ కొట్టినప్పుడు రెండుసార్లు లెక్కకొచ్చినవి. అంటే నిజంగా 349. కాబట్టి వాడుకలో ఉండి, యాంటీవైరస్ లేని మెషిన్లు 16. నేను భయపడిన 51 కాదు, కానీ ఈ 16లో రెండు డైరెక్టర్ల ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి.

పాతసర్వర్ అన్న చెప్పినట్టు ఏఆర్‌పీ దించితే ఏ లిస్టులోనూ లేనివి 31 వచ్చాయి. ఫోన్లు 14, ప్రింటర్లూ హాజరు మెషిన్లూ కలిపి 9. మిగతా 8 కోసం నేనూ మా జూనియరూ వైరు పట్టుకుని నడిచాం. ఐదు క్వాలిటీ ల్యాబ్‌లో, మందులో ఏది ఎంతుందో పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ పరికరాలకి తగిలించినవి. విండోస్ 7. రెండు కాంట్రాక్టర్ల ల్యాప్‌టాప్‌లు. ఎనిమిదోది దొరకడానికి రోజంతా పట్టింది. గోడౌన్ గేటు దగ్గర వేబ్రిడ్జి గదిలో, లారీ బరువు చీటీలు కొట్టే పీసీ. దుమ్ము పట్టి సీపీయూ రంగు తెలియట్లేదు. దానికి ఇంటర్నెట్ ఉంది, యాంటీవైరస్ లేదు. బరువు రీడింగ్ నేరుగా కంపెనీ లెక్కలన్నీ నడిచే ఈఆర్‌పీలోకి వెళ్తుంది.

పాతసర్వర్
హెచ్‌పీఎల్‌సీ వాటిని కదపకు అన్నా. వాలిడేట్ చేసిన (పరీక్షించి ఖాయం చేసిన) సిస్టమ్ అని, మార్చడానికి వెండర్ ఒప్పుకోడు, విండోస్ 7కి 2020 జనవరితోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. వాటిని వేరే వీలాన్‌లోకి (నెట్‌వర్క్‌లో విడిగా గీసిన భాగం) తోసి ఇంటర్నెట్ ఆపెయ్యి. రిపోర్టులు వెళ్లే ఒక్క సర్వర్‌కే దారి ఉంచు. ల్యాబ్ వాళ్లు పెన్‌డ్రైవ్ వాడతారు, దానికీ ఓ ఏర్పాటు చూడు.

పివోట్_పద్మ
ఆడిటర్ గారికి ఏ నంబరు చెప్పారు చివరికి?

జీడిమెట్ల_అడ్మిన్
365 ప్లస్ 8, అంటే 373. పక్కన కాగితం మీద ఆ 8 ఎక్కడున్నాయో, 16లో ఎన్నిటికి యాంటీవైరస్ వేశామో రాసిచ్చాను. ఇవాళ్టికి 13 అయ్యాయి. ఆయన కాగితం రెండుసార్లు చదివి, అకౌంట్స్ రిజిస్టర్‌లో 338 ఎందుకుందో వాళ్లని అడిగారు. ఇప్పుడు ఆ టెన్షన్ వాళ్లది. పద్మ గారూ, మీ పద్ధతే. మా మేనేజర్ కూడా ప్రతి నెల మొదటి శనివారం ఇదే లెక్క మళ్లీ తీయమన్నారు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి
ఆ వేబ్రిడ్జి పీసీ ఫొటో పెట్టు అన్నా, మా టీమ్‌కి చూపిస్తా.

జీడిమెట్ల_అడ్మిన్
ఇవాళ కుదరదు. మానిటర్ అంచున పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉంది. గేటు దగ్గర ఉండే ముగ్గురికీ విడివిడిగా లాగిన్లు ఇచ్చి, ఆ చీటీ పీకాక పెడతాను.